ఉప్పు మూల విత్తనం

పటమట, విజయవాడ
జూలై 14

జానకిరామ్,

నువ్వు దొంగవి.

వేరే మాట దొరక్క రాయలేదు, వెతికి వెతికి ఈ మాట దగ్గరే ఆగాను. కుశలప్రశ్నలు లేవు. ఫోన్లో అడిగితే "అబ్బే, నేనలా అనలేదు వదినా" అని మర్నాడే ప్లేటు తిప్పేస్తావు. పైగా నా నంబరు బ్లాక్ చేసి కూచున్నావు. అందుకే కాగితం, స్పీడ్ పోస్టు, రసీదు. నువ్వూ కాగితం మీదే జవాబివ్వు. ఏం చెప్పినా నీ చేతిరాతలో ఉండాలి.

పంటల కొత్త రకాలు నమోదు చేసేవాళ్ళ పత్రిక, జూన్ సంచిక, మా కాలేజీలో చూశాను. గన్నవరం దగ్గర నువ్వు పనిచేసే విత్తనాల కంపెనీ ఒక వరి రకం మీద హక్కులు అడిగింది. పేరు 'తీరరక్ష'. ఉప్పు నేలలో పండుతుందట. రూపొందించిన శాస్త్రవేత్తవి నువ్వు. ఆ ఉప్పు తట్టుకునే గుణం ఎక్కణ్ణించి తెచ్చారు అన్న గడిలో ఏం రాశావు? "గుర్తు తెలియని స్థానిక సేకరణ, కృష్ణా తీరం."

గుర్తు తెలియని! రైలు పట్టాల మీద శవానికి రాసినట్టు రాశావు కదరా. ఆ గుర్తు తెలియని మనిషి పర్రచివర ఊళ్ళో పెద్దింట్లమ్మ. నాకు పెద్దమ్మ, మా అమ్మకి సొంత అక్క. నీకు మీ నాన్న తోడబుట్టిన మేనత్త. ఆ సేకరణకి ఆవిడ పెట్టుకున్న పేరు కూడా ఉంది, మొగ ఒడ్లు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పండుతాయి గనక మొగ ఒడ్లు. మూడేళ్ళ కిందట ఆవిడ కొడుకు మంగరాజు అన్నయ్య కూతురి ఓణీల ఫంక్షన్‌కి వచ్చి, చూరుకి కట్టిన విత్తనం కట్టలోంచి పదిహేను వెన్నులు లాగి న్యూస్‌పేపర్లో చుట్టుకుపోయావు. నా కళ్ళతో చూశాను.

చేపలు పట్టుకునే ఇంటి ఆడది నలభై ఏళ్ళు గింజ గింజా ఎంచి నిలబెడితే అది 'దొరికింది'. నువ్వు మూడేళ్ళు ఏసీ గదిలో కూచుంటే అది 'కనిపెట్టడం'. ఈ దేశంలో ఆడవాళ్ళ చాకిరీకీ, కింది కులాల తెలివికీ ఎప్పుడూ ఇదే గడి, గుర్తు తెలియని. దాన్ని నింపే ఉద్యోగం మనింటి పిల్లాడికే దొరికిందన్నమాట. శభాష్.

అభ్యంతరాలకి సెప్టెంబరు ముప్పై దాకా గడువుంది. నేను అభ్యంతరం వేస్తున్నాను. ఈలోగా నువ్వే ఆ గడి దిద్ది, ఆవిడ పేరు, ఊరు రాస్తే సరి. లేదంటే ఊరుకునేదాన్ని కాదని నీకు తెలుసు.

పద్మశ్రీ


గన్నవరం
జూలై 26

పద్మశ్రీ వదినగారికి నమస్కారాలండి,

మీ ఉత్తరం అందింది. కవరు మా ఆవిడ చింపింది గనక 'దొంగ' అన్న మాట ముందు తనే చదివింది. మీరు కోరుకున్నది అదే అయితే నెరవేరింది.

మీరు ఇంటర్ పిల్లలకి వృక్షశాస్త్రం చెబుతారు. ఉద్యమాల కరపత్రాలు రాసే హడావుడిలో మర్చిపోయి ఉంటారు గనక చెబుతాను. అత్త ఒడ్లు మనిషెత్తు పెరిగి గాలికి పడిపోతాయి. ఎర్ర బియ్యం, గింజకి ముల్లు, ఎకరానికి పది బస్తాలు దాటవు. అందులో పనికొచ్చేది ఒక్కటే, ఉప్పు తగిలినప్పుడు దాన్ని ఆకులోకి ఎక్కనివ్వని గుణం. ఆ గుణాన్ని అంటిపెట్టుకుని డీఎన్ఏలో ఒక గుర్తు ఉంటుంది. మార్కర్ అంటాం. అత్త ఒడ్లని మంచి దిగుబడి వరితో సంకరం చేస్తే వేల మొక్కలొస్తాయి. ఏ మొక్క ఆ గుణం తెచ్చుకుందో చూడ్డానికి కోతలదాకా ఆగక్కర్లేదు. పద్నాలుగు రోజుల నారులో ఆకు ముక్క గిల్లి పరీక్ష చేస్తే చాలు. గుర్తుంటే ఉంచుతాం, లేకపోతే పీకేస్తాం. పదేళ్ళ పని మూడేళ్ళలో అయిపోతుంది. ఆ గుర్తు పట్టింది నేను. పదకొండు వేల మొక్కల ఆకులు గిల్లింది నేను.

ఆటోనగర్లో ఎవరో పాత ఇనప ముక్క ఒకటి తెచ్చుకుని ఇంజను చేశాడనుకోండి. ఇనుము ఇచ్చినావిడ పేరు ఇంజను మీద కొట్టమంటారా? మీ వాదన అలా ఉంది.

ఇక దొంగతనం సంగతి. జత చేసిన జిరాక్సు చూడండి. "ఈ విత్తన నమూనా ఇష్టపూర్వకంగా ఇస్తున్నాను, దీని మీద ఇక ఏ హక్కూ కోరను" అని ఇంగ్లీషులో ఉంది. కింద అత్త వేలిముద్ర. దాని కింద ఆకుపచ్చ ఇంకుతో సాక్షి సంతకం. ఎవరిదో పోల్చుకోండి. పెద్దవారు, నేను చెబితే బాగుండదు.

ఇంకో సంగతి. ఈ వానాకాలం సార్వాకి పర్రచివరలో నలభై మందికి తీరరక్ష విత్తనం ప్రదర్శన కోసం ఉచితంగా ఇచ్చాం. మొదట చెయ్యి చాపింది అత్తే. తన రెండెకరాలకీ అదే నారు పోసింది. ఆవిడకి లేని బాధ మీకెందుకో తెలియడం లేదు.

మీ
జానకిరామ్


పటమట, విజయవాడ
ఆగస్టు 10

జానకిరామ్,

సంతకం నాదే.

మన చుట్టాల్లో గెజిటెడ్ దాన్ని నేనొక్కదాన్నే. పెళ్ళికెళ్ళినా, దినానికెళ్ళినా ఎవరో ఒకరు జిరాక్సులు పట్టుకుని కాచుకుంటారు. కులం సర్టిఫికెట్లు, మార్కుల లిస్టులు. అందుకే ఆకుపచ్చ పెన్ను ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది. ఎన్ని పెట్టి ఉంటానో, వాటిలో ఎన్ని చదివి ఉంటానో నాకే తెలియదు. ఆ రోజు నేను బంతిలోంచి లేచి చెయ్యి కడుక్కుంటుంటే "ఆఫీసు పని వదినా, ఒక్క సంతకం" అని అరిటాకుల పక్కనే కాగితం పెట్టావు. తడిచేత్తో పెట్టేశాను. చదవలేదు. ఇరవై మూడేళ్ళుగా చదవకుండా సంతకాలు పెట్టొద్దని ఊరూరా ఉపన్యాసాలిచ్చిన మనిషిని. నవ్వుకో. నీ వంతు.

నవ్వుకోవడం అయ్యాక ఇది చదువు. ఆదివారం అవనిగడ్డ బస్సెక్కి పర్రచివర వెళ్ళాను.

"పెద్దమ్మా, నీ ఒడ్లకి కంపెనీ పేరు పెట్టాడు మీ రాముడు, తెలుసా?" అన్నాను.

"పెట్టనీ. పిల్లికి పేరెడితే ఎలకల్ని పట్టడం మానేత్తదా?"

"నీ పేరుండాలి కదా అందులో."

"నా పేరు రేషన్ కార్డులోనే తప్పుంది. ముందది దిద్దించు, గెజిటెడ్డువి గదా."

అక్కడితో నా పౌరుషం సగం చచ్చింది. ఎలా ఎంచుతావు విత్తనం అని అడిగాను. పొలం చివర ఉప్పుటేరుని ఆనుకుని పది సెంట్లు తీసుకెళ్ళి చూపించింది. ఉప్పు మూల అంటుంది. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పు ఊరే జాగా, ఇంకెవరైనా అయితే బీడు పెడతారు. ఆవిడ ఏటా పట్టుబట్టి అక్కడ కూడా నాటుతుంది. కార్తీకంలో అందులో దిగి, వెన్ను వెన్నూ వేళ్ళతో నొక్కి, గింజ పళ్ళ కింద కొరికి, నిండుగా ఉన్నవే కోస్తుంది. "మంచి మళ్ళో పండింది తిండికి, ఉప్పు మూలలో పండింది ఇత్తనానికి" అంది. "నారు పచ్చగుంటే ఏముందే, పసిబిడ్డ ఎవరికైనా ముద్దే. గింజ పాలు పోసుకునేటప్పుడు తేల్తది దాని సంగతి. రాముడికీ ఇదే చెప్పాను, కార్తీకందాకా ఉండి చూసిపోరా అన్నాను. సెలవు లేదన్నాడు."

విన్నావా? నీకు చెప్పింది. నువ్వు రాసుకోలేదు.

"మరి మొగ ఒడ్ల విత్తనం కుండేది?" అన్నాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"దంచేశాం. పొలంలో ఇంకో గింజ పడకూడదత్తా, కలిస్తే నా ప్రదర్శన పోద్ది అన్నాడు రాముడు. మరి కుండెడు ఒడ్లు ఏం జేసుకోను? జావ కాసుకున్నాం. చిట్టు బాతులకేశాను."

నవ్వుతూనే చెప్పింది. ఊళ్ళో ఇంకెవరిళ్ళలోనైనా ఉన్నాయేమోనని మంగరాజు అన్నయ్య, నేను సాయంత్రందాకా తిరిగాం. లేవు. అందరూ ఎప్పుడో మానేశారు. ఆవిడ ఒక్కతే మిగిలింది, ఆ ఒక్కదానిచేత కూడా నువ్వు మాన్పించావు.

పేరు గురించి మొదలుపెట్టాను. ఇప్పుడు గింజే లేదు.

పద్మశ్రీ


గన్నవరం
సెప్టెంబరు 3

వదినగారికి,

ఫొటో జతచేశాను. దయచేసి తేదీ చూసుకోండి. అమావాస్య పోటుకి పర్రచివర కరకట్ట తూములోంచి ఉప్పునీళ్ళు ఎగదన్ని చేలలో నాలుగు రోజులు నిలిచాయి. ఎడమ వైపు మామూలు రకాలు వేసిన చేలు, మాడి గోధుమరంగు తిరిగాయి. కుడి వైపు తీరరక్ష. నాటి పన్నెండు రోజులైంది. ఆకు చివర కూడా ఎండలేదు.

ఇది నా జవాబు. ఇంతకంటే మంచి జవాబు మీ కరపత్రాల్లో ఎక్కడన్నా ఉంటే చూపించండి. వాటిని చదివేది నలభై మంది, అందులో ముప్పై తొమ్మిది మంది మీవాళ్ళే. ఇక్కడ నలభై మంది రైతుల నాట్లు బతికాయి. మంగరాజు బావ ఫోన్ చేసి "ఒరేయ్, నువ్వు మగాడివిరా" అన్నాడు.

అత్త కుండ సంగతి నాకు తెలియదు. దంచుకోమని నేను చెప్పలేదు. ప్రదర్శన చేలో రకాలు కలపకూడదన్నది ఎక్కడైనా ఉన్న నియమమే. పాత గింజ పోయిందని ఏడవడం మీ వాళ్ళకి అలవాటు. అది ఒకళ్ళ కడుపైనా నింపిందా? పది బస్తాల మీద ఎన్ని కరపత్రాలు రాయచ్చో గానీ ఒక పిల్లని కాలేజీలో చేర్పించలేరు.

అభ్యంతరం వేసుకోండి. మా దగ్గర కాగితం ఉంది. మీ సంతకంతో సహా.

జానకిరామ్


పర్రచివర
అక్టోబరు 24

జానకిరామ్,

చేలోంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా రాస్తున్నాను.

ఈ ఏడు వానలు ముందే వెనక్కి పోయాయి. ఎగువ వాళ్ళకే చాలక కాలవ నీళ్ళు శివారుదాకా రాలేదు. అప్పటికి చేలు సరిగ్గా పూతలో ఉన్నాయి. పైనుంచి మంచినీళ్ళు లేక కింది ఉప్పు ఎగదన్నింది. నీ తీరరక్ష ఇప్పటికీ పచ్చగానే ఉంది, ఫొటో తీస్తే ఇంకా బాగా వస్తుంది. వెన్నులు మాత్రం తెల్లగా, నిటారుగా నిలబడి ఉన్నాయి. గింజ ఉంటే కదా తల వంచడానికి. నొక్కితే పొట్టు. చేలకి చేలు తాలు.

నిన్ను మగాడివన్న మంగరాజు అన్నయ్య ఏమన్నాడో రాసుకో. "చెల్లెమ్మా, గడ్డి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. మేం గేదెలమై పుడితే బాగుండేది."

నువ్వు నాకు పాఠం చెప్పావు గనక నేనూ ఒకటి చెబుతాను. నారులో ఉప్పుని ఆపే గుణం వేరు, పూతలో ఉప్పు తగిలినా గింజ కట్టించే గుణం వేరు. నీ గుర్తు మొదటిదానికే. పదకొండు వేల మొక్కల్లో ఆ ఒక్క గుర్తు చూసి ఉంచినవి ఉంచావు, పీకినవి పీకావు. పూతలో నిలబడేవి ఏవో చూడకుండానే పీకేశావు. పెద్దమ్మకి డీఎన్ఏ తెలియదు. చెడ్డ మూలలో, చెడ్డ నెలలో, నిండిన వెన్ను ఏదో తెలుసు. అందులో నారు గుణం, పూత గుణం, ఆవిడకీ నీకూ నాకూ పేరు తెలియనివి ఇంకెన్నో కలిసి వచ్చేవి. కార్తీకందాకా ఆగితే నీకూ తెలిసేది. సెలవు లేకపోయింది పాపం.

అభ్యంతరం సెప్టెంబరు 22న వేశాను. మీ కంపెనీ జవాబుగా ఆ కాగితం పంపింది. లాయరు స్టీఫెన్ గారు దాన్ని చదివి కళ్ళజోడు తీసి "మేడం, ఈ సాక్షి మీరే కదండీ" అన్నారు. అవునండీ అన్నాను.

పెద్దమ్మ పొద్దుట ఉప్పు మూలలో దిగింది. మధ్యాహ్నందాకా తిరిగింది. ఒక్క వెన్ను కూడా కోయకుండా పైకొచ్చింది.

నీకు ముందే తెలుసా? ఒక్క ముక్కలో చెప్పు. తెలుసా, తెలియదా?

పద్మశ్రీ


గన్నవరం
నవంబరు 6

వదినా,

తెలుసు.

పోయిన ఎండాకాలం దాళ్వాలో మా ప్రయోగం మడిలో పూత సమయానికి ఉప్పునీళ్ళు పెట్టి చూశాం. నూటికి అరవై గింజలు తాలు. ఆ పట్టిక తయారుచేసింది నేనే. నివేదిక పైకి వెళ్ళేటప్పటికి ఆ పేజీ లేదు. ఎవరు తీశారని అడక్కు. పేజీ లేదని చూసి కూడా నేను సంతకం పెట్టాను. నువ్వు చదవకుండా పెట్టావు, నేను చదివి పెట్టాను. ఎవరిది పెద్ద తప్పో నీ కరపత్రంలో తేల్చుకో.

ఏడుస్తూ రాస్తున్నాననుకోకు. నా పని తప్పు కాదు. ముంపు తట్టుకునే వరి ఇదే పద్ధతిలో వచ్చింది. వారం రోజులు నీళ్ళలో మునిగి లేచిన చేలు ఈ డెల్టాలో నువ్వూ చూశావు. గుర్తు అబద్ధం చెప్పదు, నువ్వడిగినదానికే జవాబు చెబుతుంది. మేం సగమే అడిగాం. వాన సరిగ్గా పడి, కాలవ శివారుదాకా వచ్చి ఉంటే ఈ ఏడు నువ్వు నాకు ఉత్తరం రాసేదానివి కాదు. పందెం కాశాను, పోయింది. పోయింది నా చేను కాదు, అది ఒప్పుకుంటాను.

నువ్వు మాత్రం నీతులు చెప్పకు. నలభై ఏళ్ళు ఆవిడ ఉప్పు మూలలో దిగుతుంటే ఒక్క కార్తీకమన్నా వెళ్ళి పక్కన నిలబడ్డావా? నేను వెన్నులు తీసుకెళ్ళాకే కదా నీకు వాటి విలువ తెలిసింది.

ఒక్కటి చెబుతాను. అత్త ఇచ్చిన పదిహేను వెన్నుల్లో కొన్ని గింజలు విడిగా ఒకసారి పెంచి ఉంచాం. మొగ ఒడ్లే, దేనితోనూ కలవలేదు. నాలుగు వందల గ్రాములు మా చల్లగదిలో డబ్బాలో ఉన్నాయి. కొత్త రకం పని అయ్యాక పాత నమూనాలు తీసేస్తారు. ఈసారి జాబితాలో ఆ డబ్బా ఉంది. డిసెంబరు 20న కాల్చేస్తారు. నేను బయటికి తేలేను. గేటు దగ్గర బ్యాగులు వెతుకుతారు, దొరికితే ఉద్యోగం ఒక్కటే పోయి ఊరుకోదు.

ఇది చెప్పాను గనక మంచివాణ్ణనుకోకు. ఈ ఉత్తరం చించెయ్యి.

రాముడు


పర్రచివర
నవంబరు 17

జానకిరామ్,

చించలేదు.

పెద్దమ్మకి మొత్తం చదివి వినిపించాను. నీ ఉత్తరాలు, నావి. నన్ను తిట్టినవి కూడా వదల్లేదు. అన్నీ విని, "మీ ఇద్దరికీ సదువొచ్చు గనక ఉత్తరాలు రాసుకుంటున్నారు. నాకు గింజ కావాలి" అంది. అంతకుముందు ఎప్పుడూ ఆవిడ గొంతు అలా వినలేదు. కాసేపటికి, "నా ఇంటి ఇత్తనం నా చేత్తోనే దంపించాడే" అంది.

నువ్వన్నది నిజమే. ఒక్క కార్తీకం కూడా ఆవిడ పక్కన నిలబడలేదు. ఆవిడ పేరు మీద ఉద్యమం చేయడానికి తీరిక దొరికింది, ఆవిడ పని చూడ్డానికి దొరకలేదు. ఇది కూడా కరపత్రంలో అచ్చు వేస్తాను. నీ శాస్త్రంతో నాకు పేచీ లేదు. ఆ గుర్తు ఎవరి చేతిలో ఉంది, ఎవరిని అడక్కుండా వాడారు, ఏ పేజీ చింపారు, అక్కడ నాకు పేచీ. సగం అడిగిన శాస్త్రాన్ని మొత్తం అని బస్తా మీద ముద్ర వేసి అమ్మడం శాస్త్రం కాదు, బేరం. పందెం కాశాను, పోయింది అన్నావు. ఇంకొకరి పొలం మీద కాసేదాన్ని పందెం అనరు. నేను మొదటి ఉత్తరంలో 'దొంగవి' అని రాసినప్పుడు నాకు సగమే తెలుసు.

నిన్న నలభై మంది రైతులూ మంగరాజు అన్నయ్య అరుగు మీద కూచున్నారు. మాకు కావలసినవి రాసిన కాగితం నేను వాక్యం వాక్యం చదివాను, అర్థం కానిచోట ఆపి మళ్ళీ చదివించారు. ఒకాయన "చదివింది చాల్లే, ఎక్కడ పెట్టాలో చెప్పు" అంటే పెద్దమ్మ కసిరి కూచోబెట్టింది. అందరూ విన్నాకే సంతకాలు. ఆవిడ వేలిముద్ర ముందు. నాది చిట్టచివర, నీలం ఇంకుతో. ఈ ఉత్తరాలన్నీ, నీ ఆరో తారీకు ఉత్తరంతో సహా, జిరాక్సు తీసి స్టీఫెన్ గారి దగ్గర పెట్టాను. కింద రాసినవి జరక్కుండా డిసెంబరు 10 దాటితే అవి పత్రికలకీ, రిజిస్ట్రేషన్ వాళ్ళకీ వెళ్తాయి. నీ ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను.

మాకు కావలసినవి ఇవి.

ఒకటి. మొగ ఒడ్ల డబ్బా కాల్చకూడదు. అందులో ఉన్న నాలుగు వందల గ్రాములూ పెద్దింట్లమ్మ చేతికి రావాలి. దొంగచాటుగా వద్దు, కంపెనీ కాగితం మీద, గేటులోంచి.

రెండు. దరఖాస్తులో ఆ గడి దిద్దాలి. పెద్దింట్లమ్మ, పర్రచివర. రకం పేరు మొగ ఒడ్లు. ఎంచే పద్ధతి ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయాలి.

మూడు. హక్కులు కోరనన్న ఆ కాగితం రద్దు చేయాలి. ఆవిడకి చదివి వినిపించలేదనీ, నేను చదవలేదనీ నేను ప్రమాణపత్రం ఇస్తున్నాను. నా మీద ఏ చర్య తీసుకున్నా తీసుకోనీ.

నాలుగు. తీసేసిన పట్టిక బయటపెట్టాలి. నీ సంతకంతో.

అయిదు. తీరరక్ష బస్తా మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయాలి. నారులో ఉప్పు తట్టుకుంటుంది, పూతలో తట్టుకోదు. అలా రాసేదాకా తీర మండలాల్లో ఒక్క బస్తా కూడా అమ్మకూడదు.

ఆరు. నలభై మందికీ తాలు పోయిన పంటకి పరిహారం.

ఏడు. దీనికి ఉత్తరం రాయకు. గింజ తీసుకుని రా.

పద్మశ్రీ